ఉక్కు లోపలికి చూసిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసివ్వమని కార్యదర్శిగారు ఫోను చేశారు. ఎవరి గురించి రాయమంటారని అడిగితే మీ ఇష్టం అన్నారు. ప్రకాశం పంతులుగారి గురించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించి మన మిత్రులు నాకన్నా బాగా రాస్తారని నాకు తెలుసు. అందుచేత నేను ఇంగ్లండులోని షెఫీల్డులో పుట్టి, ఆ ఊళ్లోనే 1908లో కన్నుమూసిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ గురించి రాయదలిచాను. లోహశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివినవారికి ఆయన పేరు బాగా తెలుసు. గుమాస్తా పని చేసి రిటైరైన నాకు ఆయన ఎలా తెలిశారో ముందు చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం ఎందుకో మీకు అర్థం కాదు.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరిన సర్కారు ఆఫీసులో బాయిలర్ల ఫైళ్లు నడిచేవి. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం ప్రతి బాయిలర్‌కూ ఏటా తనిఖీ జరగాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది గాని, మా రోజుల్లో ఆ పాత చట్టమే మాకు భగవద్గీత. ఇన్‌స్పెక్టరుగారు నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెట్టి, కారడం లేదని చూసుకుని రాసిచ్చేవారు. మేము దాన్ని మూడు కార్బను కాగితాలు పెట్టి టైపు చేసేవాళ్లం. మనం ఇప్పుడు ఏటా ట్రెజరీకి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ లాంటిదే అది. ఫలానా బాయిలర్ బతికే ఉంది, ఇంకో పన్నెండు నెలలు పని చేసుకోవచ్చు అని.

1984లో కోస్తాలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ గొట్టం పగిలి ఒక మనిషి పోయాడు. ఫ్యాక్టరీ పేరు ఇప్పుడు అనవసరం. ఆ బాయిలర్‌కు అయిదు నెలల కిందటే సర్టిఫికెట్ వెళ్లింది. టైపు చేసింది నేనే. మా మిషన్‌లో 'ఆర్' అక్షరం కొంచెం కిందికి పడేది, ఆఫీసు కాపీ తీసి చూస్తే ఆ పడిన అక్షరాలు నావేనని తెలిసిపోతోంది. చనిపోయినాయన భార్య నష్టపరిహారం కాగితాల కోసం మా వరండాలో బల్ల మీద కూర్చునేది. ఒకరోజు నన్ను అడిగింది, బాబూ, బాగుందని రాసిన అయిదు నెలలకే ఎలా పగిలింది అని. నా దగ్గర జవాబు లేదు. సెక్షన్‌లో ఎవరి దగ్గరా లేదు.

పగిలిన గొట్టంలోంచి జానెడు ముక్క కోసి పరీక్షకు పంపారు. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ గుర్తు. పెర్లైట్ పూర్తిగా గోళాకారంలోకి మారిపోయింది, లోపలి గోడకు మందంగా గార పట్టడం వల్ల చాలాకాలం అధిక వేడికి గురైంది అన్నది దాని భావం. టైపు చేశాను గాని ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఇన్‌స్పెక్టరుగారిది గోదావరి జిల్లా. ఆయన దగ్గరకు వెళ్లి, సార్, ఈ పెర్లైట్ ఏమిటండీ అని అడిగాను. ఆయన కాగితం పక్కన పెట్టి, ఆత్రేయపురం పూతరేకు తిన్నావా అన్నారు. మంచి ఉక్కును మైక్రోస్కోపులో చూస్తే కొన్ని చోట్ల పూతరేకులాగే సన్నటి పొర మీద పొర కనిపిస్తుందట. ఒక పొర మెత్తటి ఇనుము, దాని మీద కర్బనం కలిసిన గట్టి పొర, మళ్లీ మెత్తటిది. ఏళ్ల తరబడి వేడి తగిలితే ఆ గట్టి పొరలు తెగి, గుండ్రబడి, బూందీ గింజల్లా చెదిరిపోతాయి. బలం పోతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. చల్లని నీళ్లు నింపి ఒత్తిడి పెట్టినా ఆ రోజుకు తట్టుకుంటుంది. నిప్పు మీద ఉన్నప్పుడే దాని అసలు బలహీనత బయటపడుతుంది.

ఆ పొరలను లోకంలో మొదట చూసినాయన సార్బీ అని ఆ రోజే మొదటిసారి విన్నాను. తరువాత ఆయన గురించి దొరికిందల్లా చదివాను. రిటైరైన తరువాత ఇంకా ఎక్కువ తీరిక దొరికింది.

సార్బీ 1826 మే 10న షెఫీల్డు పక్కన వుడ్‌బోర్న్‌లో పుట్టారు. కత్తులకు, ఉలులకు, రంపాలకు పేరుపడ్డ ఊరది. వారి కుటుంబం తరతరాలుగా పనిముట్లు తయారుచేసే వ్యాపారంలో ఉన్నది. చిన్నప్పుడు బడిలో గణితానికి బహుమతిగా వచ్చిన ఒక సైన్సు పుస్తకం ఆయన్ను ఆ దారి పట్టించిందంటారు. యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. ఇంటి దగ్గర ఒక మతాచార్యుడి వద్ద గణితం, రసాయనశాస్త్రం నేర్చుకున్నారు. 1847లో, ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, తండ్రి పోయారు. మరీ సంపన్నులు కాకపోయినా ఉద్యోగం చేయకుండా గడిచేపాటి ఆదాయం మిగిలింది. ఆయన వ్యాపారంలోకి వెళ్లలేదు, కొలువులోనూ చేరలేదు. తల్లితో కలిసి ఉంటూ, ఇంట్లోనే ఒక గదిని ప్రయోగశాల చేసుకుని, తనకు తోచినదాన్ని పరిశోధిస్తూ జీవితమంతా గడిపారు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఆరేళ్లు హాజరు పట్టీలో సంతకం పెట్టిన నాబోటివాడికి ఇది చదివినప్పుడు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మాంచెస్టర్‌లో విలియం క్రాఫర్డ్ విలియమ్సన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త పళ్లనూ ఎముకలనూ పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద చూసేవారు. ఆయనతో పరిచయమైన సార్బీ, అదే పద్ధతిలో రాయిని ఎందుకు చూడకూడదు అనుకున్నారు. 1849లో మొదలుపెట్టి, రాతి ముక్కను అంగుళంలో వెయ్యోవంతు మందం వచ్చేదాకా చేత్తో అరగదీసి, గాజు పలక మీద అతికించి, వెలుగు దానిలోంచి దూసుకువచ్చేలా చేశారు. రాయిలోని కణాలు రంగురంగులుగా కనిపించాయి. కొండలను మైక్రోస్కోపుతో చూసే మనిషి అని తోటి పండితులే నవ్వుకున్నారు. అయినా 1857లో రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యునిగా తీసుకున్నది. మరుసటి ఏడాది స్ఫటికాల్లో చిక్కుకున్న సూక్ష్మమైన ద్రవపు బిందువులను బట్టి ఆ రాయి ఎంత వేడిలో పుట్టిందో ఊహించవచ్చునని పెద్ద పత్రం ప్రకటించారు. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈనాటికీ అది ఆధారగ్రంథం లాంటిది.

ఆకాశం నుంచి పడే ఉల్కల మీద ఆసక్తితో ఆయన ఇనుము వైపు మళ్లారు. కొన్ని ఉల్కలు ఇనుము, నికెల్ ముద్దలు. వాటిని చూడాలంటే మామూలు ఇనుముతో పోల్చి చూడాలి కదా. ఇనుముకూ ఉక్కుకూ షెఫీల్డులో కరువేముంది! ఇది 1863 నాటి మాట. అయితే లోహంలోంచి వెలుగు దూరదు, ఎంత పలచన చేసినా దూరదు. కాబట్టి పైనుంచి వెలుగు పడి, తిరిగి కంటికి వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు.

అసలు కష్టం సానపట్టడంలో ఉంది. ఆ ఊళ్లో కత్తులకు మెరుగుపెట్టేవాళ్లు వందలమంది ఉన్నారు, ముఖం చూసుకునేంత నున్నగా చేయగలరు. కాని ఆ మెరుగు ఆయనకు పనికిరాలేదు. గట్టిగా రుద్దితే పైన ఉన్న లోహం పేస్టులా సాగి, కిందున్న నిజమైన అమరికను కప్పేస్తుంది. చూడటానికి అద్దమే, చూపించేది మాత్రం ఏమీ ఉండదు. అందుకని ఎమెరీతోనూ, తరువాత ఇంకా మెత్తటి రాయితోనూ, చివరికి ఎర్రటి పాలిషు పొడితోనూ ఓపికగా, లోహాన్ని ఈడ్వకుండా, గీతలు ఒక్కొక్కటే పోయేలా అరగదీశారు. ఆపైన బాగా పలచన చేసిన నత్రికామ్లంలో కాసేపు ముంచారు. ఆమ్లం కొన్ని భాగాలను ఎక్కువగా, కొన్నింటిని తక్కువగా తింటుంది. దాంతో ఉక్కు ఒకే ముద్ద కాదనీ, అది అనేక స్ఫటిక రేణువుల కూర్పు అనీ కళ్లకు కట్టింది. 1864లో బాత్ నగరంలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో వాటి ఫోటోలు పెట్టి వివరించారు.

ఎవరూ పట్టించుకోలేదు.

ఇది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. అది బెసెమర్ ఉక్కు కొత్తగా వచ్చిన కాలం. ఇంగ్లండులో ఏటా బాయిలర్లు పేలి, రైలు ఇరుసులు విరిగి జనం చనిపోతున్న కాలం. ఉక్కులో ఏ పదార్థం ఎంత ఉన్నదో రసాయనికంగా తెలిస్తే చాలుననుకున్నారు గాని, అది లోపల ఎలా అమరి ఉన్నదన్నది ప్రశ్నగా ఎవరికీ తట్టలేదు. రైలు ప్రమాదం జరిగినచోట పట్టా ఊడదీసి మైక్రోస్కోపు కింద పెట్టండని తాను ఆ రోజుల్లో సలహా ఇచ్చి ఉంటే పిచ్చాసుపత్రికి పంపేవారని సార్బీ పెద్దయ్యాక చెప్పుకున్నారు. తప్పు ఆయన వైపూ కొంత ఉన్నదని నా అభిప్రాయం. ఆయన పట్టుబట్టే మనిషి కాదు. వినకపోతే పోనీ అని వేరే పనిలో పడ్డారు. మైక్రోస్కోపుకు వర్ణపటదర్శినిని తగిలించి రక్తపు మరకలను, ఆకుల రంగులను, పక్షి గుడ్ల పెంకులను పరీక్షిస్తూ ఏళ్లు గడిపారు. వెనకాల జీతమిచ్చే యజమాని లేకపోవడంలోని సుఖం ఒకటైతే, తిరిగి ఆ పని మీదికి లాక్కొచ్చేవాడు లేకపోవడం దానిలోని నష్టం. మెమో ఇచ్చే సూపరింటెండెంటు ఒకరుంటే బాగుండేదేమో!

సుమారు ఇరవై ఏళ్ల తరువాత గాలి మారింది. 1878లో జర్మనీలో అడాల్ఫ్ మార్టెన్స్ అనే ఇంజనీరు, సార్బీ పనితో సంబంధం లేకుండానే, లోహాలను మైక్రోస్కోపుతో చూడటం మొదలుపెట్టారు. ఇంగ్లండులోని ఇనుము ఉక్కు సంస్థవారికి అప్పుడు సార్బీ గుర్తుకొచ్చారు. 1885 నుంచి 1887 వరకు ఆయన వారి ముందు తన పాత పనినీ, కొత్తదాన్నీ పెట్టారు. ఈసారి 650 రెట్లు పెద్దదిగా చూపే కటకాలు వాడారు. తక్కువ పెద్దదిగా చూసినప్పుడు ముత్యపుచిప్పలా రంగులు చిమ్మిన భాగం, ఇప్పుడు సన్నని పొరలుగా విడిపోయి కనిపించింది. మా ఇన్‌స్పెక్టరుగారి పూతరేకు అదే. ముత్యపుచిప్ప మెరుపును బట్టే దానికి పెర్లైట్ అని పేరు వచ్చింది. ఉక్కులో కనిపించే మరొక సన్నని అమరికకు ఫ్రాన్సు దేశపు ఆస్మాండ్ సార్బైట్ అని ఈయన పేరే పెట్టారు.

సార్బీ కాలంలో ఉక్కు ముసలితనం గురించి ఎవరూ ఆలోచించలేదు. అప్పటి బాయిలర్ల వేడి మన విద్యుత్ కేంద్రాల వేడి ముందు ఎంత! 1979లో మొదలైన విజయవాడ థర్మల్ కేంద్రంలోని 210 మెగావాట్ల యూనిట్ల వంటివాటిలో ఆవిరి 540 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో ఉక్కు గట్టి వస్తువులా ప్రవర్తించదు. బట్టలారేసిన తీగ ఏళ్ల మీద జారినట్లు, కంటికి కనిపించనంత నెమ్మదిగా సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. ఒక వంక పెర్లైట్ పొరలు గుండ్రబడుతుంటాయి, మరో వంక రేణువుల సరిహద్దుల్లో సూదిమొన కంటే చాలా చిన్న గుంటలు పుడతాయి. అవి వరసకడతాయి, కలుస్తాయి, చివరకు పగులు అవుతాయి. 1943లో అమెరికాలోని స్ప్రింగ్‌డేల్ విద్యుత్ కేంద్రంలో అయిదున్నర ఏళ్లు మాత్రమే పని చేసిన ఆవిరి గొట్టం అతుకు పక్కన పగిలిపోయింది. ఉక్కులో బలమిచ్చే కర్బనం విడిపోయి, అతుకు వెంబడి పెన్సిలు ముల్లులోని గ్రాఫైటుగా పేరుకున్నదని మైక్రోస్కోపు కింద చూశాకనే తెలిసింది. ఆ తరువాతి తరం గొట్టాలకు క్రోమియం కలిపిన ఉక్కు వాడటానికి అది ఒక ముఖ్య కారణం.

ఇక్కడ మన పింఛనుదార్లకు ఒక తమాషా చెప్పాలి. మనకు 58 నిండితే, అరోగ్యం ఎలా ఉన్నా, మధ్యాహ్నం దండ వేసి పంపించేశారు. ఉక్కు విషయంలో సర్వీసు రిజిస్టరు చూస్తే సరిపోదు. ఒకే రోజు బిగించిన రెండు గొట్టాల్లో ఒకటి పది పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడితో నడిస్తే దాని ఆయుష్షు సగానికి పడిపోవచ్చు. రెండోది నిక్షేపంలా ఉంటుంది. 400 డిగ్రీలకు పైన నడిచే బాయిలర్ భాగాలు లక్ష గంటలు, అంటే ఆగకుండా నడిస్తే పదకొండు ఏళ్ల పైచిలుకు, పని చేశాక వాటి మిగిలిన జీవితాన్ని అంచనా కట్టాలని మన దేశపు నిబంధనల్లో చేర్చారు. ఆ అంచనాలు మా ఆఫీసుకు రావడం మొదలయ్యాక నేను వాటిని ఆసక్తిగా చదివేవాణ్ణి.

గొట్టం కోయకుండానే చూసే ఉపాయం కనిపెట్టారు. యూనిట్ ఆపినప్పుడు, వంపుల దగ్గర, అతుకుల దగ్గర రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద జాగాలో ఉక్కును దశలవారీగా సానపడతారు. పలచని నత్రికామ్లం కలిపిన స్పిరిట్ పూస్తారు. ఎసిటోన్‌తో మెత్తబరిచిన పలచని ఎసిటేట్ పొరను దాని మీద అద్ది, ఆరాక ఒలుస్తారు. వేలిముద్ర పడినట్లు ఉక్కు ముద్ర దాని మీద పడుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి గుంటలున్నాయా, విడివిడిగా ఉన్నాయా, వరసకట్టాయా అని చూస్తారు. జర్మనీలో న్యూబాయర్, వెడెల్ అనేవారు 1983లో దీనికి మెట్లు కట్టారు. విడిగుంటలైతే కనిపెట్టి ఉండాలి, వరసకడితే గడువు పెట్టుకుని మళ్లీ చూడాలి, సన్న పగుళ్లైతే మరమ్మతు అయ్యేదాకా కొద్దికాలమే నడపాలి, పెద్ద పగులైతే వెంటనే మరమ్మతు చేయాలి. ఇప్పటి కొత్త రకం క్రోమియం ఉక్కుల్లో పెర్లైట్ పొరలే ఉండవు, గుంటలు కనిపించేసరికే ఆలస్యమవుతుందని అంటారు. అది నా చదువుకు మించిన సంగతి.

మొన్న లైఫ్ సర్టిఫికెట్‌కు వెళ్తే మిషను నా బొటనవేలి ముద్ర తీసుకోలేదు. గీతలు అరిగిపోయాయండీ అన్నాడు కుర్రాడు, ముఖం ఫోటోతో పని కానిచ్చాడు. ఉక్కు ముద్ర తీసేవారికి ఈ బాధ లేదు, సానపట్టి మళ్లీ తీసుకుంటారు.

పని ఏదైనా అదే ఓపికతో చేయడం సార్బీకి చివరిదాకా పోలేదు. 1874లో తల్లి పోయాక ఇంట్లో ఒంటరివారయ్యారు. కొన్నేళ్లకు గ్లింప్స్ అనే తెరచాప పడవ కొనుక్కుని, పాతికేళ్లపాటు ఎండాకాలాలు దాని మీద తూర్పు తీరంలో, థేమ్స్ ముఖద్వారంలో తిరిగారు. పడవలోనే మైక్రోస్కోపు, గాజు పలకలు. సముద్రపు పురుగులను, జెల్లీ చేపలను రంగు చెడకుండా గాజు పలకల మీద భద్రపరచి, దీపపు పెట్టెతో తెర మీద చూపేవారు. లండను మురుగు థేమ్స్ నదిలో ఎంత దూరం పోతుందో తేల్చడానికి వేసిన కమిషన్‌కు నది బురదను మైక్రోస్కోపుతో చూసి సాక్ష్యం చెప్పారు. షెఫీల్డులో ఫర్త్ కాలేజీ నిలదొక్కుకోవడానికి చాలా శ్రమపడ్డారు. అదే పెరిగి 1905లో విశ్వవిద్యాలయమైంది.

చివరి ఏళ్లలో పడిపోయి, ఒళ్లు సరిగా స్వాధీనంలో లేక మంచాన ఉన్నారు. అయినా ఇసుక, బురద నీటిలో ఎలా పేరుకుంటాయో యౌవనం నుంచీ తాను తీసుకున్న కొలతలన్నీ ముందేసుకుని ఆఖరి పత్రం పూర్తి చేశారు. 1908 మార్చి 9న ఎనభై ఒకటో ఏట కన్నుమూశారు. ఆ పత్రం ఆయన పోయాక అచ్చయింది. ఆస్తిలో కొంత షెఫీల్డు విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్య పదవికి రాసిపెట్టారు.

ఆయన తన చేత్తో సానపట్టిన ఉక్కు ముక్కలు షెఫీల్డు విశ్వవిద్యాలయంలో భద్రపరచబడ్డాయి. 1984లో వరండాలో కూర్చున్న ఆ తల్లి మరో రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు, ఇన్‌స్పెక్టరుగారు నాకు చెప్పినట్లే, పూతరేకు, బూందీ అని ఆమెకు చెప్పాను. అంతా విని, అయితే లోపల చూడొచ్చన్నమాట అన్నది. చూడొచ్చమ్మా, ఎప్పుడో నూట ఇరవై ఏళ్ల నాడే చూశారు అన్నాను. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.